మబ్బుకి చిక్కం

నవారు ముక్కను తమ గుర్రం మబ్బు ముందు కాళ్ళ వెనకగా పొట్ట చుట్టూ తిప్పి, వీపు మీద బిగించి పట్టుకుని, పెన్ను గీత ఎక్కడుందో చూసింది వ్యానక్క. తప్పు చూశాననుకుని వదిలేసి మళ్ళీ బిగించింది. గుర్రం ఊపిరి వదిలేదాకా ఆగి ఇంకోసారి చూసింది. కిందటి వారం పెట్టిన గీతకి నవారు అంచు అందడం లేదు. మధ్యలో రెండు వేళ్ళు పడుతున్నాయి.

అంటే మబ్బు తగ్గలేదు. పెరిగింది.

"ఏమే, గాలి తాగి పెరిగావా?" అంది. మబ్బు మెడ తిప్పి ఆమె జేబు దగ్గర మూతి పెట్టి వెతికింది. అక్కడేమీ దొరక్క ఆమె భుజం మీద బరువుగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరిలో ఎండుగడ్డి వాసన కాక ఇంకేదో ఉంది. ఆమె గుర్రం మూతి రెండు చేతులతో పట్టుకుని పెదవి పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉడికించిన బార్లీ. పైన కాస్త నూనె కూడా.

ఇంటి వెనక పాత టైర్లు పడేసుకునే రేకుల షెడ్డులో ఒక పక్క మబ్బుది. నాలుగేళ్ళ కిందట అక్కడే పుట్టింది. బూడిద రంగు ఒంటి మీద తెల్లటి మచ్చలతో, మెడ వంచి నిలబడితే అందమైన గుర్రమే. కానీ కొవ్వు పట్టి వీపు బల్లపరుపుగా, మధ్యలో కాలవ తీసినట్టుంది. ఆదివారం ఊళ్ళో జరిగే గుర్రాల ప్రదర్శనలో దానికి మొదటిసారి బరి. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపి సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా వ్యాను ఖాళీ, వ్యానక్కా ఖాళీ. ఆ ఖాళీ అంతా మబ్బుదే. నెల రోజులుగా గడ్డిని తూచి, చక్కెర పోయేలా నీళ్ళలో నానబెట్టి, పిండి, కొద్దికొద్దిగా పెడుతోంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వీధి చివరిదాకా నడిపిస్తోంది. ఇంత చేస్తే ఈ రెండు వేళ్ళు.

వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. పెద్ద గిన్నె కడిగి బోర్లించి ఉంది. వ్యానక్క దాని అడుగు మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

"నన్నడక్కు," అంది అత్తగారు తలెత్తకుండానే. "నేను గిన్నె ఇచ్చాను. అంతే. పొయ్యి ఆయనే వెలిగించుకున్నాడు."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా."

"ఆయనతో నలభై ఏళ్ళు కాపురం చేసి నీతో పితూరీలు చెప్పమంటావా?" అని ఒక బఠానీ నోట్లో వేసుకుంది. "వరండాలో ఉన్నాడు. వెళ్ళి నువ్వే తేల్చుకో."

మామగారు వరండాలో కుర్చీ వేసుకుని, కుడికాలు స్టూలు మీద చాపి, కళ్ళెం బకిల్సు బూడిదతో తోముతున్నాడు. ఊళ్ళో రంపపు మిల్లు ఆసామి గుర్రాల్ని ఏళ్ళ తరబడి బరిలో నడిపించినవాడు. ఆ గుర్రాలకి బహుమతిగా కట్టిన రిబ్బన్లన్నీ మిల్లు ఆఫీసు గోడ మీద ఉన్నాయి, ఆయన దగ్గర ఒక్కటీ లేదు. మోకాలు పాడై పరుగు మానేశాక ఇప్పుడు సొంత ఇంటి గుర్రం మొదటిసారి బరిలోకి దిగబోతోంది. పగ్గం పట్టుకుని పరిగెత్తడానికి కొడుకు పనికిరాడు. టైర్ల షాపులో లారీ చక్రం ఒంటిచేత్తో ఎత్తుతాడు గానీ గుర్రం చెవులు కదిపితే రెండడుగులు వెనక్కి వేస్తాడు. అందుకని కోడలు.

"మామయ్యా, మబ్బుకి బార్లీ పెడుతున్నారా?"

"పెడుతున్నాను." ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "నా ఇంట్లో పుట్టిన గుర్రానికి నేను దోసెడు గింజలు పెట్టుకుంటే దొంగతనమా?"

"డాక్టరమ్మ ఏం చెప్పింది మనకి?"

"కుక్కలకి సూదులేసుకునే పిల్ల. ఆవిడ ఎన్ని గుర్రాల్ని బరిలోకి తీసుకెళ్ళింది? పక్కటెముకలు కనబడే గుర్రానికి రిబ్బను కట్టిన జడ్జీ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదమ్మాయ్."

"కనబడటం దాకా ఎందుకు? వేలితో పొడిచినా తగలడం లేదు."

"తగలకూడదు! పోషణంటే అదే!"

పశువుల డాక్టరమ్మ నెల కిందట వచ్చి చూసిన రోజు వ్యానక్క చేతిని పట్టుకుని గుర్రం పక్క మీద పెట్టి నొక్కించింది. పిడికిలి వదిలేసి చెయ్యి చాపి, దాని వెనకవైపు వేళ్ళ మొదళ్ళు తడిమి చూసుకోమంది. పక్కటెముకలు అలా తెలియాలంది. మబ్బు పక్క తడిమితే పరుపు తడిమినట్టుంది. మెడ మీద జూలు కింద కొవ్వు గట్టులా పేరుకుంది. ఇలాగే వదిలేస్తే గిట్టల లోపల వాపొస్తుంది, ఒకసారి వచ్చిందంటే నాలుగు కాళ్ళ జంతువుకి నిలబడటమే నరకమవుతుంది అని డాక్టరమ్మ అన్నప్పుడు మామగారు అక్కడే ఉన్నాడు. ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆదివారం దాకా ఆగు," అన్నాడాయన ఇప్పుడు, గొంతు కొంచెం తగ్గించి. "దాని ఒంటి మెరుపు జడ్జీ కంట్లో పడాలి. ఆ తరవాత నీ ఇష్టం వచ్చినట్టు మాడ్చుకో."

"ఆదివారం దాకా ఈ లెక్కన పెడితే సోమవారం అది నడవదు."

"నడిపించేవాణ్ణి నేను. నాకు తెలీదా?"

"నడిపించేది నేను," అంది వ్యానక్క. "పగ్గం నా చేతిలో ఉండాలంటే దాణా కూడా నా చేతిలోనే ఉండాలి. కాదంటే మీరే పరిగెత్తండి."

తోముతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. చూపు స్టూలు మీదున్న మోకాలి మీదికి వెళ్ళింది. అనకూడని మాట అన్నానని ఆమెకి అర్థమైంది. వెనక్కి తీసుకోవాలనుకుంది గానీ, తీసుకుంటే రేపు పొద్దున మళ్ళీ గిన్నె పొయ్యెక్కుతుంది.

"చూశావటే," అన్నాడు మామగారు, వంటింటి వైపు మొహం తిప్పి. "కాలు లేనివాడికి నోరు కూడా ఉండకూడదట."

ఆ సాయంత్రం పిల్లల కోసం బయల్దేరుతుంటే అత్తగారు సందులోకి వచ్చి, కొంగు కింద దాచి తెచ్చిన బార్లీ సంచీని వ్యాను మెట్టు మీద పెట్టింది. "ఆయన అడిగితే నేను కాదనలేను. నా కంటికి కనబడకుండా చెయ్యి," అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. సంచీ వెనక సీటు కింద దూరింది. ఇందులో ఏముందని పిల్లలడిగితే, "గొడవ," అని చెప్పింది వ్యానక్క.

మర్నాడు ఆమె చిక్కం కుట్టడానికి కూర్చుంది. గింజలు ఆపితే సరిపోదు. పెరట్లో కట్టేస్తే మబ్బు తల దించి, మళ్ళీ ఎత్తకుండా, పచ్చగడ్డి గీకినట్టు తినేస్తుంది. షెడ్డులోనే కట్టేస్తే కాళ్ళాడవు. తిరగాలి, తినకూడదు. దానికి దారి మూతికి చిక్కమే.

పాత వ్యాను సీటు బెల్టులు రెండు విప్పింది. గట్టి గోనెపట్టా రెండు మడతలు వేసి బుట్టలా చుట్టి, దబ్బనంతో అంచు కుట్టింది. బెల్టు మందానికి దబ్బనం దిగక ప్రతి కుట్టుకీ నేల మీద ఆనించి అరచేత్తో పొడవాల్సి వచ్చింది. అడుగున బొటనవేలు పట్టేంత కంత కోసి, దాని చుట్టూ మెత్తటి గుడ్డ తిప్పి కుట్టింది. గుర్రం మూతి నేలకి ఆనిస్తే ఆ కంతలోంచి నాలుగు పరకలు వస్తాయి, ఆ నాలుగు పరకలు నమిలేలోగా ఇంకో అడుగు వెయ్యాలి. ఊపిరికి పక్కల్లో చిల్లులు పెట్టింది. ముక్కుపుటాలకి పట్టా ఒరుసుకోకుండా లోపల చెయ్యి దూర్చి మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

మొగుడు అన్నానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు. "నాకొకటి కుట్టరాదూ. పొట్ట వస్తోంది."

"మీకెందుకు, మీ నాన్నకి ముందు."

"నువ్వూ ఆయనా కొట్టుకోండి. నన్ను మధ్యలోకి లాగొద్దు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి దగ్గర్నుంచి, "నిజంగా నడవలేకపోతుందా అది?" అని అడిగాడు.

"మీ లారీ టైర్లలో మోతాదుకి మించి గాలి కొడితే ఏమవుతుంది?"

అతను తిని షాపుకి వెళ్ళాడు. తిరిగొచ్చి మెత్తటి రబ్బరు ముక్కలు ఇచ్చాడు, బుగ్గల దగ్గర బెల్టు కింద పెట్టుకోమని.

చిక్కం కట్టగానే మబ్బు మొదట అవమానం జరిగినట్టు నిలబడింది. తల విదిలించింది. ముందుకాలితో నేలని తవ్వింది. ఆ తరవాత మూతి గడ్డికి ఆనించి, ఏం జరుగుతోందో తెలియక ఆమె వంక చూసింది. మూడో ప్రయత్నానికి కంతలోంచి ఒక పరక వచ్చింది. దాన్ని నముల్తూ అడుగు ముందుకేసింది.

వీధిలోవాళ్ళకి అది తమాషా అయింది. వచ్చేపోయేవాళ్ళు కంచె పక్కన ఆగి, కరుస్తుందా అనొకరు, జబ్బా అనొకరు అడిగారు. పాలవాడు సైకిలాపి, పాపం దానికి దేవుడు నోరిచ్చాడు నువ్వు మూసేశావు అని నవ్విపోయాడు. మధ్యాహ్నం మిల్లు ఆసామి జీపు వచ్చి ఆగింది.

తెల్లచొక్కా మనిషి, బాగా నవ్వుతాడు. జీపు దిగకుండానే, "ఏం పెద్దాయనా! గుర్రానికి మూతి కట్టేశారేంటి? ఇంట్లో గింజలైపోతే కబురు పెట్టకూడదా? మనం పరాయివాళ్ళమా?" అన్నాడు.

మామగారు కుర్చీలోంచి లేవబోయి, మోకాలు సహకరించక చేతులు కుర్చీ మీదే ఉంచి సగంలో ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గింజలున్నాయండీ," అంది వ్యానక్క పెరట్లోంచి వస్తూ. "గుర్రానికి పొట్టే ఎక్కువైంది."

"ఎక్కువా!" ఆసామి జీపులోనే వెనక్కి వాలి నవ్వాడు. "మా గుర్రం దొరని ఒకసారి వచ్చి చూడమ్మా. వీపు మీద గ్లాసుతో నీళ్ళు పెడితే చుక్క ఒలకదు. గుర్రమంటే అలా ఉండాలి. మీ మామ చేతిలో పెరిగిన గుర్రాలన్నీ అలాగే ఉండేవి. అడుగు."

"గ్లాసు పెట్టుకోవడానికి మాకు బల్ల ఉందండీ."

ఆసామి నవ్వు ఆగలేదు గానీ పలచబడింది. "నోరు బాగుంది నీ కోడలికి. ఆదివారం చూద్దాం," అని మామగారితో అని జీపు తిప్పుకున్నాడు.

జీపు లేపిన దుమ్ము సర్దుకుంది. ఆ తరవాత మామగారు భార్యని కేకేశాడు. "ఆవిడగారికి చెప్పు. ముప్ఫై ఏళ్ళు నాకు పని ఇచ్చిన మనిషి. ఆయన ముందు ఈ ఇంట్లో తిండి లేదన్న మాట పడ్డాను. చెప్పు ఆవిడకి."

"వింది," అంది అత్తగారు.

"నీ నోటితో చెప్పు."

"అమ్మాయ్, మీ మామయ్య మాట పడ్డాట్ట."

"అత్తయ్యా, చెప్పండి. మాట పడ్డది ఆయన. కాళ్ళు పోయేది గుర్రానికి."

"ఏవండీ, కాళ్ళు..."

"విన్నానులే!" అని ఆయన కర్ర అందుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మొత్తం, మర్నాడు మధ్యాహ్నం దాకా, ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచాయి. ఉప్పందించమన్న మాట కూడా. చివరికి ఆవిడే విసుగెత్తి, "నాకు గొంతు నొప్పి పుడుతోంది. ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి, లేదా ఇద్దరూ ఊరుకోండి," అని చాప తీసుకుని పక్కగదిలో పడుకుంది.

శనివారం బడి లేదు. పొద్దున్నే వ్యానక్క మబ్బుకి స్నానం చేయించింది. చిన్న బొచ్చెతో నీళ్ళు భుజం నుంచి కిందికి పోస్తూ, సబ్బు నురగని చేత్తో రుద్దుతూ పొట్ట కిందికి వస్తే, గుర్రం చర్మం వణికించింది. ఇనప దువ్వెనతో గుండ్రంగా తిప్పుతూ వదులుగా ఉన్న వెంట్రుకలు లాగేసింది, మెత్తటి బ్రష్షుతో తుడిచింది. తోక చిక్కులు దువ్వెనతో లాగకుండా వేళ్ళతోనే పాయలు పాయలుగా విడదీసింది. ప్రతి గిట్టా ఎత్తి తొడ మీద పెట్టుకుని, కొక్కెంతో మట్టి గీకి, అరచెయ్యి కాసేపు గిట్ట మీద ఆనించి ఉంచింది. చల్లగా, నీళ్ళ కుండలా ఉంది. ఆ చల్లదనం ఆమెకి పొట్ట కొలత కన్నా ముఖ్యం. నాలుగూ అలాగే చూసుకుని లేచి నడుం పట్టుకుంది.

నవారు తీసి పొట్ట చుట్టూ బిగించింది. అంచు గీతకి అందడమే కాదు, గీత లోపలికి వచ్చింది. వేలెడంతే. అయినా వచ్చింది.

తరవాత పగ్గం పట్టుకుని వీధిలోకి నడిపించింది. వీధి చివర కరెంటు స్తంభం దాకా నడక, అక్కడ తిప్పి తిరిగి పరుగు. మొదటిసారి మబ్బు ఆమెని లాక్కుపోయింది. రెండోసారి ఆమె ముందు పరిగెత్తి గుర్రాన్ని ఈడ్చుకొచ్చినట్టయింది. మూడోసారి తిప్పేటప్పుడు గుర్రం ఆమె పాదాన్ని తొక్కబోయింది.

"మూతి దగ్గర వేలాడతావెందుకు?" అని గొంతు వినబడింది.

మామగారు గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో. మాట అనేశాక, అది భార్య ద్వారా అనాల్సిందని గుర్తొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మరి ఎక్కడుండాలి?" అంది ఆమె.

ఆయన కర్ర ఎత్తి మబ్బు భుజం వైపు చూపించాడు. "భుజం దగ్గర. నీ భుజం దాని భుజం పక్కన. నువ్వు దాన్ని చూడకు. ఎక్కడికి పోవాలో అటు చూడు."

ఆమె అలాగే చేసింది. "పగ్గం వదులు. ఇంకా. నీ చెయ్యి భయపడుతోంది, ఆ భయం దాని నోట్లోకి పోతోంది." మళ్ళీ వెళ్ళొచ్చింది. "తిప్పేటప్పుడు నీ వైపుకి లాక్కోకు. అవతలికి నెట్టు. నువ్వు బయటివైపు నడువు. అప్పుడే జడ్జీకి కాళ్ళు కనబడతాయి, నీ వీపు కాదు."

ఈసారి మబ్బు స్తంభం దగ్గర చక్కగా తిరిగి, చెవులు ముందుకి పెట్టి, ఆమె పక్కనే కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చింది. ఇద్దరి అడుగుల చప్పుడూ ఒకటైంది. గేటు దగ్గర ఆగితే ఆమె రొప్పుతోంది, గుర్రం ఒగర్చడం లేదు. నెల కిందట సగం వీధికే దాని పక్కలు కొలిమితిత్తుల్లా ఎగిసిపడేవి. మామగారు ఆ పక్కల వంకే చూస్తున్నాడని ఆమె గమనించింది. ఆయన ఏదో అంటాడని ఆగింది.

"ఇంకోసారి," అన్నాడాయన.

ప్రదర్శన ఊరి బయట ఫుట్‌బాలు మైదానంలో. గోలుపోస్టులు పీకి పక్కన పడేసి, మధ్యలో తాళ్ళతో గుండ్రంగా బరి కట్టారు. ఒక పక్క లారీలు, ఒక పక్క గొడుగుల కింద కుర్చీలు. మైకులో ఒకతను దొరికినవాళ్ళందరి మీదా జోకులేస్తున్నాడు. మబ్బు ఇన్ని గుర్రాల్ని ఒక్కచోట చూడటం ఇదే మొదలు. తలెత్తి ఒక్క సకిలింపు సకిలించింది, దాని పొట్టంతా అదిరింది. అత్తగారు చెవులు మూసుకుంది. మొగుడు నీళ్ళ బకెట్లు మోసుకొచ్చి గుర్రానికి అందనంత దూరంలో పెట్టాడు.

ఇంట్లో పుట్టి పెరిగిన గుర్రాలకి వేరే పోటీ. ఆరు గుర్రాలు దిగాయి. వ్యానక్క వాటిని చూసి నిజంగా ఉలిక్కిపడింది. మబ్బు ఇంకా లావేనని ఆమెకి తెలుసు. అయినా ఆ వరసలో నిలబెడితే మబ్బు అనాథలా ఉంది. మిగతా అయిదూ నూనె రాసిన డ్రమ్ముల్లా మెరిసిపోతున్నాయి. దొర అయితే మరీను, నల్లటి ఒళ్ళు, వీపు నిజంగానే గ్లాసు నిలిచేలా ఉంది, మెడ మీద కొవ్వు ఒక పక్కకి ఒరిగింది. దాని పగ్గం మిల్లు పనివాడు పట్టుకున్నాడు. ఆసామి తాడు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"అయిదో నంబరు మన స్కూలు వ్యానక్క!" అన్నాడు మైకతను. "అక్కా, గుర్రానికి కూడా డైటింగేనా?"

జనం నవ్వారు. ఆమె వినలేదు. అవతలికి చూస్తూ, మబ్బు భుజం పక్కన భుజం పెట్టి నడిచింది. పరిగెత్తించమని మైకులో చెప్పగానే పగ్గం వదులు చేసింది. మబ్బు కాళ్ళు నేలని తాకీ తాకనట్టు వేసింది. మలుపులో ఆమె బయటివైపు నడిచింది. తాడు పక్కన మామగారు కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉన్నాడు, పెదవులు కదుపుతూ. తిరిగొచ్చి నిలబడేసరికి జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

జడ్జీ, టోపీ పెట్టుకున్న పొడవాటి మనిషి. ఒక్కొక్క గుర్రం చుట్టూ తిరిగి, వీపు నిమిరి, దవడ చూసి, మబ్బు దగ్గరికొచ్చి ఆగాడు.

"నడక బాగుంది. ఈ పోటీలో ఇంత మంచి నడక లేదు," అన్నాడు. "కానీ ఒళ్ళు లేదమ్మా. పోషణ చాల్లేదు. వచ్చే ఏడాదికి కాస్త కండ పట్టించి తీసుకురా. మొదటి రిబ్బను నీదే."

"అది కండ కాదండీ, కొవ్వు."

"ఏమన్నావు?"

"దీనికి ఇంకా తగ్గాల్సింది ఉంది. ఇక్కడున్న వాటన్నిటికీ ఉంది. వచ్చే ఏడాది ఇంకొంచెం తగ్గించి తీసుకొస్తాను."

పక్కన పగ్గాలు పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. జడ్జీకి కోపం రాలేదు. చిన్నపిల్ల మాటకి నవ్వినట్టు నవ్వాడు. అది కోపం కన్నా అన్యాయంగా తోచింది ఆమెకి. దొరకి మొదటి రిబ్బను కట్టారు. మిగతా అందరికీ ఏదో ఒకటి దక్కింది. మబ్బుది ఆరో స్థానం, దానికి కట్టడానికి ఏమీ మిగల్లేదు.

బయటికి వస్తుంటే ఆమె కళ్ళు మండుతున్నాయి. మామగారు ఇప్పుడు అంటాడు, నేను చెప్పలేదా అని. అననీ. అంటే ఏం చెప్పాలో ఆమె సిద్ధం చేసుకుంది. వచ్చే ఏడాదికి కాదు, పదేళ్ళకైనా ఇంతే అని.

ఆయన ఆమె వైపు చూడటమే లేదు. ఆయన చూపంతా లారీల వైపు వెళ్తున్న దొర మీదుంది. బరిలోని మెత్తటి గడ్డి దాటి కంకర దారి మీదికి వచ్చేసరికి దొర ఆగిపోయింది. మిల్లు పనివాడు పగ్గం లాగాడు. ముందు కాళ్ళు రెండూ చాపి, బరువంతా వెనక మడమల మీద వేసి, కంకర కాలుతున్నట్టు నిలబడింది. రిబ్బను గెలిచిన పొగరు చూడండి అని ఎవరో అన్నారు. పనివాడు ఇంకా గట్టిగా లాగాడు. దొర ఒక్క అడుగు వేసి, తల పైకి విసిరి, మళ్ళీ ఆగింది.

"లాగకు!" అన్నాడు మామగారు.

కుంటుకుంటూ వెళ్ళాడు. కర్ర పడేసి, పాడైన మోకాలు పక్కకి చాపి, ఒక్క కాలి మీద కిందికి వంగి కంకరలోనే కూర్చున్నాడు. దొర ముందు గిట్ట మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. ఇంకో గిట్ట మీద పెట్టాడు. కాలి వెనక, మడమ పైన, రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా మా గుర్రాల మీద మమకారం పోలేదా?" ఆసామి చేతిలో రిబ్బను పట్టుకుని వచ్చాడు.

"గిట్టలు కాలిపోతున్నాయయ్యా. నాడి దడదడలాడుతోంది. అడుగు తీసి అడుగు వెయ్యనీకండి. గింజలు ఆపాలి."

"ఓడిపోయినవాళ్ళకి అందరి కాళ్ళూ వేడిగానే ఉంటాయిలే. తిండి పెడితే జబ్బులొస్తాయా ఎక్కడైనా? ముసలితనం వచ్చి చాదస్తం..."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. మామగారు తలెత్తి వాళ్ళందర్నీ ఒక్కొక్కణ్ణే చూశాడు. చాలామందికి గుర్రం పట్టుకోవడం నేర్పింది ఆయనే. తరవాత మెడ తిప్పి జనం మీదుగా కేకేశాడు.

"అమ్మాయ్! ఇలా రా. డాక్టరమ్మ ఏం చెప్పిందో వీళ్ళకి నువ్వు చెప్పు."

వ్యానక్క చుట్టూ చూసింది. మొగుడు నీళ్ళ కోసం వెళ్ళాడు. ఆమెకి దగ్గరగా ఉన్నది టోపీ మనిషే. "ఒక్క నిమిషం పట్టుకోండి," అని మబ్బు పగ్గం జడ్జీ చేతిలో పెట్టేసింది. ఆయన ఏదో అనబోయేలోగా పక్కనున్న బకెట్టు ఎత్తుకుని పరిగెత్తింది.

కంకరలో మామగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గిట్ట తడిమింది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. గెలిచినదీ ఓడినదీ మరిచిపోయింది.

"నా గుర్రం ముట్టుకోవద్దు," అన్నాడు ఆసామి. నవ్వు పోయింది.

"ముట్టుకుంటాను," అంది ఆమె. "నీళ్ళు కావాలి, చల్లగా ఎంతుంటే అంత. కాళ్ళ కింద మెత్తగా వెయ్యడానికి గడ్డి. ఎవరైనా డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి, ఇప్పుడే."

ఎవరూ కదల్లేదు. తరవాత మొగుడి గొంతు వినబడింది, "చేస్తున్నా!" అని. అతను ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టి, రెండు బకెట్లతో జనాన్ని నెట్టుకుంటూ వచ్చాడు. గుర్రం పక్కగానే వచ్చి, దాని ముందే దించాడు. వ్యానక్క దొర కాలి వెనక నెమ్మదిగా నిమిరి, అది తనంతట తాను ఎత్తేదాకా ఆగి, గిట్టని నీళ్ళలోకి దించింది. దొర ఒళ్ళంతా ఒక్కసారి వణికి, తల కిందికి దించింది.

వెనక టోపీ మనిషి పగ్గం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆయన రెండో చెయ్యి, చెయ్యడానికి ఇంకేమీ లేనట్టు, మబ్బు పక్కల మీద ఎముకలు వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది.

"రేపట్నుంచి గింజలు బంద్," అంది వ్యానక్క, తలెత్తకుండా. "గడ్డి కూడా తూచి, నానబెట్టి."

మిల్లు ఆసామి నోరు తెరిచాడు.

"ముందు వినండి," అన్నాడు మామగారు.